బుగ్గలో తునికి గింజ

ఫెయిర్‌పోర్ట్, ఇల్లినాయ్
ఏప్రిల్ 1952

ఓపల్ అక్కా,

టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో డ్యూటీ మీద ఉంటే ఆ చెవి తొడుగు తీసి పక్కన పెట్టి మరీ చదువు. నన్ను జట్టులో ఉంచుకున్నారు.

పోయిన వారం ఒకరోజు పొద్దున మేనేజరు మెక్‌నాట్ తన గదికి పిలిచాడు. ఎనిమిదేళ్ళ నా బేస్‌బాల్ బతుకులో అలా పిలిచిన ప్రతిసారీ నాకు బస్సు టికెట్టు చేతిలో పెట్టి ఇంకో చిన్న ఊరికి పంపారు కాబట్టి, సంచి సర్దుకొనే వెళ్ళాను. ముసలాయన నా సంచి చూసి, "ఎక్కడికి బయల్దేరావు?" అన్నాడు. "మీరు ఎక్కడికి పంపితే అక్కడికి" అన్నాను. "కూర్చో డెల్మర్. నీకు ఇరవై తొమ్మిది. ఈ లీగులో ఆ వయసు పిచరంటే ఇంట్లో పెళ్ళికాని మేనమామ లెక్క. అన్నం పెడతాం, కానీ ఎంతకాలమని పెడతాం? ఈ సీజను నీ చేతికి ఇస్తున్నా. సెప్టెంబరు దాటేలోపు పెద్ద లీగు వాళ్ళు నిన్ను అడిగారా, వెళ్ళు. అడగలేదా, మీ ఊరెళ్ళి ఆవులు పితుక్కో" అన్నాడు.

శనివారమే మొదటి ఆట ఇచ్చాడు. బుగ్గన పొగాకు ముద్ద పెట్టుకొని, బంతి వేసే మట్టిదిబ్బ ఎక్కాను. నా కొట్లో ఉన్న సరుకులు రెండే అని నీకు తెలుసు, ఒకటి సూటి బంతి, ఇంకొకటి వంపు బంతి. చేతిలోంచి వెళ్ళేదాకా రెండూ ఒకేలా కనబడాలి, ఏది వస్తోందో బ్యాటరుకు తెలియకూడదు. తెలిసిందంటే నా కొట్టు మూసుకోవచ్చు. శనివారం మాత్రం ఒక్కడికీ తెలియలేదక్కా. వంపు బంతి వాళ్ళ నడుము దాకా వచ్చి, ఏదో మరిచిపోయినట్టు ఆగి, మోకాలి దగ్గరికి దిగిపోయింది. బస్సుల్లో తిరిగి తిరిగి నా వెన్ను అరిగింది గానీ చెయ్యి అరగలేదు.

బావకు చెప్పు. మన ఊరి జట్టులో నా బంతులు పట్టి నాకే సలహాలు చెప్పిన రోజులు పోయాయి. ఈ ఏడు గ్రేడీ సిటీ జట్టు బట్టలు తొడుక్కొని, బ్యాటు పట్టుకొని నా ఎదురుగా నిలబడాలి. వచ్చేటప్పుడు దుప్పటి తెచ్చుకోమను, నిలబెట్టే నిద్రపుచ్చుతాను.

హార్పర్ మామ్మగారి తునికి చెట్టు ఇంకా ఉందా? ఇక్కడి తిండిలో తీపి అన్నది లేదు. రాలిన పళ్ళు దొంగతనంగా ఏరుకు తిని, తినలేదని అమ్మ దగ్గర ఎన్ని అబద్ధాలు ఆడానో. ఒక్కటీ నిలబడలేదు. అమ్మ నోరు తెరిపించి చూసేది కూడా కాదు, మొహం చూసి చెప్పేసేది. ఎలా తెలిసేదో నాకిప్పటికీ అర్థం కాదు.

నీ తమ్ముడు,
డెల్మర్


షోల్స్‌బరీ, ఇండియానా
మే

డెల్మర్,

నీ ఉత్తరం డ్యూటీలోనే చదివాను. ఆ సంబరంలో పాస్టరు గారి ఫోను తీసుకెళ్ళి సారాకొట్టుకు కలిపాను. ఇద్దరూ పాత స్నేహితుల్లాగే మాట్లాడుకున్నారు కాబట్టి నా ఉద్యోగానికి ఢోకా లేదు.

నా కడుపు నిండిపోయిందిరా. అమ్మ ఉంటే వీధంతా తిరిగి చెప్పేది. ఆ పని నేను చేశాను, కాలు కదపకుండా, తీగల మీద.

ఇక అసలు సంగతి. ఇది రాయాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాను. సోమవారం ఆట లేదని మీ బావ ఇంటికొచ్చాడు. భోజనం దగ్గర నీ ఉత్తరం చదివి వినిపిస్తే, దుప్పటి మాట దగ్గర పొలమారేదాకా నవ్వాడు. నవ్వి, నవ్వి, చెంచా కింద పెట్టి, "వీడికి ఇంకా తెలియదు కదూ?" అన్నాడు.

"తెలియదు. నేను చెప్పేస్తా" అన్నాను.

"చెప్పు. అయితే నేనూ మా మేనేజరు గ్రూబర్‌కు చెప్పేస్తా. నాకు ముప్పై అయిదు, ఓపల్. మోకాళ్ళు అరిగిపోయాయి. వచ్చే ఏడు నన్ను కోచ్‌గా ఉంచుకోవాలంటే ఆయన చేతిలో ఏదో ఒకటి పెట్టాలి. ఇంతకంటే మంచి కానుక ఏముంది?"

"నా తమ్ముడి పొట్ట కొడతావా?"

"నువ్వు నా పొట్ట కొట్టటం లేదా మరి?"

కోడికూర చల్లారింది. ఆఖరికి ఒప్పందం చేసుకున్నాం, ఆయన తన జట్టుకు చెప్పకూడదు, నేను నీకు చెప్పకూడదు. కూరగిన్నె మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాం.

ఒట్టు తిన్నాను కాబట్టి ఇంతవరకే చెబుతాను. నువ్వు బంతి వేసే తీరులో ఒక గుట్టుంది. అది కనిపెట్టినవాడికి, బంతి నీ చెయ్యి వదలకముందే ఏది వస్తోందో తెలిసిపోతుంది. ప్రస్తుతం లోకంలో ఇద్దరికే తెలుసు, ఆ ఇద్దరూ ఒకే మంచం మీద పడుకుంటారు. సీజను అయ్యాక చెబుతాను. అడగొద్దు.

తునికి చెట్టు ఉంది. ఈ ఏడు పూత బాగా పట్టింది.

అక్క


ఫెయిర్‌పోర్ట్
జూన్

అక్కా,

అడగొద్దన్నావు. కొంప ముట్టించి నీళ్ళు పొయ్యొద్దన్నట్టుంది.

పాదమా? మోచెయ్యా? గ్లవ్ పైకి ఎత్తుతున్నానా? టోపీ సర్దుకుంటున్నానా? కనీసం నడుముకు పైనా కిందా అన్నా చెప్పు. నా గదిలో ఉండే ఐక్‌ను అడిగాను. వాడు మా క్యాచరు, రోజూ నా ఎదురుగా గొంతుక్కూర్చొని, నా బంతులు పడుతూ నా మొహమే చూస్తుంటాడు. "నాకేం తెలుసురా? ఏ బంతి కావాలో వేళ్ళతో సైగ చేసి అడిగేదే నేను. వచ్చేది తెలిసినవాడికి గుట్టుతో పనేముంది?" అన్నాడు. నిజమే మరి. బావ కూడా క్యాచరే కదా, ఆయనకు ఎలా తెలిసిందంటే నువ్వే చెప్పి ఉంటావు. నువ్వే. నా రక్తం పంచుకు పుట్టినదానివి.

నీ పుణ్యాన రెండు వారాలుగా నన్ను నేను కాపలా కాసుకుంటున్నాను. పాదం గురించి ఆలోచిస్తే చెయ్యి గతి తప్పుతోంది, చెయ్యి సరిచేస్తే మెడ బిగుసుకుంటోంది. మొన్న ఆటలో బంతి బ్యాటరు వెనకనుంచి పోయింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, అవతలి ఊరి జనం. పొగాకు నమిలి నమిలి దవడ పీకుతోంది. మెక్‌నాట్ నన్ను దిబ్బ మీదనుంచి దింపుతూ ఒక్క మాటా అనలేదు. ఆయన తిట్టకపోతేనే భయం.

వరసగా మూడు ఆటలు పోగొట్టాను. ఈ లెక్కన ఆవులు సిద్ధం చేసుకోవచ్చు. చెప్పేస్తే నీ ఒట్టు పోతుంది, చెప్పకపోతే నా బతుకు పోతుంది. ఏది పెద్దదో నువ్వే తేల్చుకో.

డెల్మర్


షోల్స్‌బరీ
జూలై

ఒరే డెల్మర్,

ఏడవకు. తప్పు నాదే, సగం చెప్పి ఊరుకోవటం. చెబితే పూర్తిగా చెప్పాలి, లేకపోతే అసలు నోరు విప్పకూడదు. రోజంతా ఊరందరి గుట్లు వింటూ ఒక్కటీ జారవిడవని దాన్ని, నీ దగ్గరికొచ్చేసరికి నాలుక దురద పెట్టింది.

ఇప్పుడు నేను చెప్పేది విను. కాళ్ళు చూసుకుంటూ నడిచేవాడు బోర్లా పడతాడు. ఆ గుట్టు నీకు పదేళ్ళ నుంచీ ఉంది, ఆ గుట్టుతోనే గెలుస్తూ వచ్చావు. నీ లీగులో బ్యాటర్లకు బంతి చూసుకోవటానికే టైము చాలదు, నిన్ను చూడటానికి తీరికెక్కడిది? వెతకటం మానెయ్. ఐక్ ఏది అడిగితే అది వెయ్యి. భోజనం చెయ్యి. నిద్రపో.

మీ బావ సంగతి కూడా తెలుసుకో. నీ మీద ఆడాల్సిన రోజు వచ్చినప్పుడల్లా మోకాలు నొప్పి అని బెంచీ మీద కూర్చుంటున్నాడు. గుట్టు తెలిసినవాడు బ్యాటు పట్టుకుంటే అది ఆట కాదట, జేబులు కొట్టటమట. ఆ మోకాలు మరుసటి రోజుకల్లా ఎలా నయమవుతోందో గ్రూబర్‌కు అంతుబట్టటం లేదు. నువ్వేమో అక్కడ నీ రక్తం, నా ద్రోహం అని నాటకాలు రాస్తున్నావు.

నీ ఆట రేడియోలో వస్తే ఎక్స్‌ఛేంజిలో తక్కువ సౌండుతో పెట్టుకుంటున్నాను. నువ్వు ఓడినప్పుడల్లా ఊళ్ళో రాంగ్ నంబర్లు ఎక్కువవుతున్నాయి. ఊరి మేలు కోరైనా గెలువు.

అక్క


ఫెయిర్‌పోర్ట్
ఆగస్టు

అక్కా,

గెలుస్తున్నాను. వెతకటం మానేసిన రోజునుంచీ చెయ్యి మళ్ళీ నాదైంది. అయిదు ఆటల్లో అయిదూ మావే. నిన్న రాత్రి ఆటలో ఆఖరి వాణ్ణి అవుట్ చేశాక ఐక్ పరిగెత్తుకొచ్చి నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు, కిందికి దించేసరికి ఎటు నడవాలో తెలియలేదు.

అంతకన్నా పెద్ద కబురు. గడ్డి టోపీ పెట్టుకున్న మనిషొకాయన వరసగా మూడు ఆటలకు వచ్చాడు. బ్యాటరు నిలబడే ప్లేటు వెనక కూర్చుంటాడు, వేరుశెనక్కాయలు కొనుక్కుంటాడు, ఆట రక్తికడితే తినడు. పెద్ద లీగు మనిషి. మెక్‌నాట్ నాతో, "అటు చూడకు. చూశావంటే చెవి పిండుతా" అన్నాడు. చూడకుండా ఎలా ఉండను? ఆయన కాయ వలవటం మొదలుపెడితే నా గుండె ఆగిపోతోంది, నేను విసుగు పుట్టించానేమోనని. నిన్న మాత్రం పొట్లం విప్పనే లేదు. ఇంటికి పట్టుకెళ్ళాడు.

కప్పు కోసం ఆఖరి పోటీ మాకూ గ్రేడీ సిటీకీ మధ్యే వచ్చేటట్టుంది. అలా వస్తే చివరి ఆట సెప్టెంబరు ఆఖరి ఆదివారం, బావ జట్టు ఊళ్ళో. ఆ రోజు దిబ్బ నాదేనని మెక్‌నాట్ మాటిచ్చాడు. గడ్డి టోపీ కూడా వస్తానన్నాడట. ఆ ఒక్క ఆట చూసి తేలుస్తారు. నా ఎనిమిదేళ్ళ బస్సులూ ఆ ఒక్క మధ్యాహ్నంలోకి వచ్చి ఆగుతాయి.

బావ మోకాలి సంగతి చదివి సిగ్గుపడ్డాను. దుప్పటి మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పు. కానీ ఒకటి అడగాలి. మొన్న గ్రేడీ సిటీలో ఆడినప్పుడు ఆయన బెంచీ మీద కూడా లేడు. వేరే జట్లతో ఆడినప్పుడు కూడా ఆయన పేరు పేపర్లో కనబడటం లేదు. నిజంగానే మోకాలా?

డెల్మర్


షోల్స్‌బరీ
సెప్టెంబరు

డెల్మర్,

మోకాలు కాదు. దాచి లాభం లేదు.

నీ మీద ఆడే రోజునే ఆయనకు నొప్పి వస్తోందని గ్రూబర్ కనిపెట్టాడు. వాళ్ళ కోచ్ ఒకడు దుర్భిణి పెట్టుకొని నిన్ను రెండు ఆటలు చూశాడట. ఏదో ఉంది, ఏమిటో అందటం లేదని చెప్పాడట. గ్రూబర్ మీ బావను పిలిచి నిలదీశాడు.

"హాలిస్, ఆ పిచరు నీ బావమరిది. ఊళ్ళో వాడి బంతులు నువ్వే పట్టావు. వాడి గుట్టేంటో చెప్పు."

"మా ఇంట్లో గుట్లన్నీ మా ఆవిడ దగ్గరుంటాయి. నాకు బీరువా తాళమే ఇవ్వదు" అన్నాడట మీ బావ.

"వేళాకోళం ఆపు. చెప్పేదాకా నీకు ఆట లేదు. వచ్చే ఏడు కోచ్ పని మాట కూడా మరిచిపో."

ఆ రోజునుంచీ ఆయన పని బ్యాట్లు తుడిచి సర్దటం. అయినా నోరు విప్పలేదు. సోమవారాలు ఇంటికొచ్చి కోళ్ళకు గింజలు వేస్తూ ఈల వేస్తాడు. ఆ ఈల వింటే నాకు ఒళ్ళు మండుతోంది. ఆయన తన మాట నిలబెట్టుకొని కూడు పోగొట్టుకుంటున్నాడు, నేను నా మాట నిలబెట్టుకొని తమ్ముణ్ణి పోగొట్టుకోబోతున్నాను. ఆదివారం ఆటకు నేను రాను. ఎవరి వైపు కూర్చోమంటావు? ఎక్స్‌ఛేంజిలో రేడియో పెట్టుకొని ఉంటాను, ఊరు ఏమైపోతే పోనీ.

దీంతో ఒక పెట్టె పంపుతున్నాను. చలి ముందే తగిలి తునికి పళ్ళు రాలుతున్నాయి. ఈసారి హార్పర్ మామ్మను అడిగే ఏరాను. ఆవిడకు కళ్ళు కనబడవు గానీ, "ఆ దొంగ పిల్లాడికేనా?" అంది.

ఒక్కడివే గదిలో కూర్చొని తినొద్దు. ఐక్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకొని తిను.

అక్క


ఫెయిర్‌పోర్ట్
సెప్టెంబరు, శుక్రవారం

అక్కా,

పెట్టె అందింది. గడ్డిలో బాగానే చుట్టారు, సగమే చితికాయి. నువ్వు చెప్పినట్టే ఐక్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకొని తిన్నాను.

రేపు బస్సు. ఆదివారం ఆట. బావను అడిగానని చెప్పు.

డెల్మర్


ఫెయిర్‌పోర్ట్
సెప్టెంబరు, మంగళవారం

నా బంగారు అక్కా,

శుక్రవారం రాసింది ఉత్తరమా అని తిట్టుకొని ఉంటావు. కావాలనే అలా రాశాను. ఇంకో నాలుగు వాక్యాలు రాస్తే అంతా కక్కేసేవాణ్ణి. రేడియోలో విన్నావని తెలుసు. రేడియో వాడికి కనబడనిది చెబుతాను.

ముందు పళ్ళు. ఐకూ నేనూ మంచాల మీద ఎదురెదురుగా కూర్చొని తింటున్నాం. మంచివి నాలుగు నా దిండు కింద దాచుకున్నాను, అలవాటు. ఐక్, "ఇంకా ఉన్నాయా?" అన్నాడు. "అయిపోయాయి" అన్నాను. వాడు నా మొహంలోకి చూసి, "అబద్ధం" అన్నాడు.

"ఎందుకురా అబద్ధం?"

"నీ ఎడమ బుగ్గలో గింజ ఉంది. ఇంతసేపూ అక్కడే ఉంది. అయిపోయాయి అనబోయే ముందు కుడి బుగ్గలోకి దొర్లింది. ఇంకోసారి చెప్పు చూద్దాం."

చెప్పాను. దొర్లింది. నాకు తెలియకుండానే దొర్లింది. అమ్మకు ఎలా తెలిసేదో ముప్పై ఏళ్ళకు దగ్గరపడ్డాక తెలిసింది. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతూ నవ్వుతూ ఐక్ మొహం తెల్లబడింది. పొగాకు డబ్బా నా చేతికిచ్చి, పెరట్లోకి లాక్కెళ్ళి, "వెయ్" అన్నాడు. సూటి బంతి వేశాను. "ముద్ద ఎడమ పక్కనే ఉంది" అన్నాడు. వంపు బంతి వేశాను. వాడు బంతి పట్టుకోను కూడా లేదు. "కుడికి పోయింది. డెల్మర్, నీకు వంపు బంతి వెయ్యటమంటే అబద్ధమాడటం" అన్నాడు.

పదేళ్ళుగా ప్రతి వంపు బంతికీ ముందు నా బుగ్గ టాంటాం వేసి చెబుతోందన్నమాట. వెంటనే ఉమ్మేసి, ఇక పొగాకు ముట్టనని ఒట్టు పెట్టుకోబోయాను. ఐక్ ఆపాడు. "జూన్ నెల గుర్తుందా? ఇప్పుడు దాన్ని కదిపితే చెయ్యి పోతుంది. అలాగే ఉండనీ. తెలిసినవాడు ఒక్కడే, వాడు బెంచీ మీద బ్యాట్లు తుడుస్తున్నాడు" అన్నాడు. అలాగే ఉండనిచ్చాం.

ఎనిమిది ఇన్నింగ్స్ నేను ఎలా వేశానో నువ్వు విన్నావు. రెండు వేల మంది అరుస్తుంటే నాకు నా ఊపిరి తప్ప వినబడలేదు. ఆఖరి ఇన్నింగ్స్‌కు మేం ఒక్క పరుగు ముందున్నాం. ఇద్దరిని అవుట్ చేశాను, ఇద్దరు తప్పించుకొని రెండో మూలా మూడో మూలా పట్టుకొని నిలబడ్డారు. ఒక్క దెబ్బ గట్టిగా తగిలితే ఇద్దరూ ప్లేటు దాకా పరిగెత్తుకొచ్చి రెండు పరుగులు, కప్పు వాళ్ళది. ఇంకొక్కణ్ణి అవుట్ చేస్తే మాది. అప్పుడు గ్రూబర్ తన బ్యాటరును వెనక్కి పిలిచి, బెంచీ చివరికి చూసి వేలు చూపించాడు.

బావ లేచాడు.

గ్రూబర్ ఆయన చెవిలో ఏదో అన్నాడు. ఏమన్నాడో నాకు తర్వాత తెలిసింది, "నాకు చెప్పలేదు కదా, పోయి నువ్వే వాడుకో" అన్నాడట. ఆ మోకాళ్ళతో నెమ్మదిగా నడిచొచ్చి, బావ బూటుతో మట్టి సర్దుకొని, నా వైపు చూసి టోపీ అంచు ముట్టుకున్నాడు. అక్కా, ఆ మనిషి మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో, ఎంత భయం పుట్టిందో, రెంటిలో ఏది ఎక్కువో చెప్పలేను.

నా ఆలోచన ఇది. బావకు నా బుగ్గ తెలుసు, నాకు తెలుసని బావకు తెలియదు. ముద్దను కావాలని కుడి బుగ్గకు తోసి, సూటి బంతి వేశాను. వంపు కోసం ఆగి ఉంటాడు, బ్యాటు ఆలస్యమవుతుంది అనుకున్నాను. ఆయన రెప్ప వెయ్యకుండా సూటి బంతినే కొట్టాడు. బంతి కంచె దాటింది. గీతకు జానెడు బయటినుంచి దాటింది కాబట్టి బతికిపోయాను. బావ లెక్కలో అది ఒక తప్పు.

తిరగేసి వేస్తానని ఆయనకు ముందే తెలుసు. రెండోసారి ముద్దను ఎడమనే ఉంచి వంపు బంతి వేశాను. దాన్నీ కొట్టాడు, అదీ గీత బయటికే పోయింది. రెండో తప్పు. మూడోది తప్పితే అవుట్, తగిలితే నా పని సరి.

ఐక్ దిబ్బ దగ్గరికొచ్చాడు. "ఆ మనిషికి నీ జాతకమంతా తెలుసు. పొగాకు ఉమ్మెయ్. ఖాళీ నోటితో వెయ్" అన్నాడు.

ఉమ్మెయ్యబోయాను. గడ్డి టోపీ కనబడింది, పొట్లం ఒళ్ళో అలాగే ఉంది. బావ బ్యాటు ఆడిస్తూ చిన్నగా నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసేసరికి నాకు భయం పోయింది. ఇంతసేపూ ఆయనకు అబద్ధాలే చెప్పాను, రెండూ పట్టుకున్నాడు. అబద్ధం పనికి రాని చోట ఇక మిగిలింది ఒక్కటే. ముద్దను కుడి బుగ్గలోకి తోశాను, ఆయన చూసేదాకా ఆగాను, వంపు బంతే వేశాను.

మిగతాది విన్నావు. బ్యాటు గాలిని కోసింది. బంతి ఐక్ చేతిలో పడ్డ చప్పుడు నాకు చచ్చేదాకా గుర్తుంటుంది.

మార్చిలో ఫ్లోరిడా రమ్మన్నారు, అక్కా. పెద్ద లీగు జట్టుతో సాధనకు. గడ్డి టోపీ ఆయన నాకు చెయ్యిచ్చి, వేరుశెనక్కాయల పొట్లం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. అంతే మాట్లాడాడు.

ఇంకో మాట బావకు చెప్పు. గ్రూబర్ ఆయనను పంపేశాడని మెక్‌నాట్‌కు తెలిసింది. "ఉద్యోగం పోతున్నా నోరు విప్పని క్యాచరు నాకు కావాలి. మా కుర్ర క్యాచర్లకు నేర్పటానికి వస్తాడేమో కనుక్కో" అన్నాడు.

ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడటం లేదు. నాకు తెలిసిపోయిందని బావకు ఎలా తెలిసింది? నువ్వు చెప్పావా?

డెల్మర్


షోల్స్‌బరీ
అక్టోబరు

డెల్మర్,

ఆ చివరి ఇన్నింగ్స్ సేపు షోల్స్‌బరీలో ఒక్క ఫోనూ కలవలేదు. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు, అందరూ రేడియో దగ్గరే ఉన్నారు. మీ బావ పేరు పిలిచినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. నువ్వు గెలవాలని మొక్కానో, ఆయన గెలవాలని మొక్కానో దేవుడికే వదిలేశాను. బ్యాటు తప్పింది అని వినగానే ఏడ్చాను, ఆ ఏడుపు ఎవరి కోసమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

నేను ఒట్టు తప్పలేదు. పళ్ళు పంపకూడదని ఒట్టులో లేదు. నీ బుగ్గ సంగతి మొదట పట్టింది అమ్మ, తర్వాత నేను. మన ఊరి ఆటలకు ప్లేటు వెనక కూర్చొని, ఇది వంపు, ఇది సూటి అని ముందే చెప్పి మీ బావతో పందెం కాసేదాన్ని. అన్నీ గెలిచాను. ఈ పిల్లకు మంత్రాలొచ్చు అనుకొని నన్ను పెళ్ళి చేసుకున్నాడు.

ఆయనకు నేనేమీ చెప్పలేదు. ఆ సోమవారం వంటగదిలో పళ్ళు పెట్టెలో సర్దుతుంటే వచ్చాడు. "ఎవరికి?" అన్నాడు. "తమ్ముడికి" అన్నాను. పళ్ళ వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఒక్క మాట అంటే ఆపేద్దామనే ఉన్నాను.

"ఇలా పంపితే పోస్టాఫీసు దాటేలోపు జావ అవుతాయి" అన్నాడు. కొట్టంలోంచి గడ్డి తెచ్చి, ఒక్కో పండూ విడివిడిగా చుట్టి, పెట్టెకు తాడు కట్టి, తనే తీసుకెళ్ళి పోస్టు చేశాడు. ఎందుకు చేశావని నిన్న అడిగాను. "కళ్ళకు గంతలు కట్టుకున్నవాడితో నేను ఎప్పుడూ ఆడలేదు" అన్నాడు.

గ్రూబర్ మీద కోపం లేదట. ఫెయిర్‌పోర్ట్ ఉద్యోగం గురించి ఆలోచించుకోవాలి అంటున్నాడు. ఆలోచన ఎంత లోతుగా ఉందంటే, అప్పుడే నా కోళ్ళను ఎవరికి అమ్మాలో కూడా కనుక్కొచ్చాడు. మీ ఫెయిర్‌పోర్ట్ ఎక్స్‌ఛేంజిలో ఖాళీలున్నాయేమో కనుక్కో.

ఫ్లోరిడా వెళ్ళేలోపు ఆ పొగాకు మానెయ్. కింద కొంచెం చోటు వదలమన్నాడు మీ బావ, నీకేదో రాస్తాడట.

అక్క

తమ్ముడూ, ఆఖరి బంతికి నీ బుగ్గ నిజమే చెప్పింది. నేనే నమ్మలేదు. దుప్పటి పంపించు. — హాలిస్